కాల్చిన గాస్కెట్

ఇంజన్‌లో రెండు ఇనుప ముఖాలు కలిసేచోట, లోపలి గాలి బయటికి పోకుండా మధ్యన పెట్టే పలచని రేకునో అట్టనో గాస్కెట్ అంటారు. అది పోతే ఇంజన్ ఇంజన్ కాదు, వట్టి బరువు.

నేను ఐదో తరగతితో బడి మానేశాను. లోకోషెడ్‌లో ఫిట్టరైన మా నాన్న దగ్గర చేతిపని, చిరిగిపోయిన మాన్యువళ్ల దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నాను. మా క్వార్టర్ వంటింటి గోడకి, మేకు నిండా పాత గాస్కెట్లు దండలా వేలాడేవి. రాగి గాస్కెట్‌ను పారేయడం మా ఇంట్లో అన్నం పారేసినంత తప్పు. నాన్న దాన్ని బొగ్గుల మీద ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచేవాడు. బిగిసిపోయిన రాగి మెత్తబడి మళ్లీ కొత్తదానిలా కూర్చునేది. ఇదీ నా చదువు. ఈ చదువుతోనే మొన్నటి వేసవిలో ఒక మనిషి పంట ఎండబెట్టాను.

ఆవిడ కూడా మాలాగే శ్రీకాకుళం వైపునుంచి ఈ హిందీ ఊరికి వచ్చిన మనిషే. గ్యాంగ్‌మన్ భార్య, అతను పోయాక అర్పా నది ఒడ్డున కౌలుకు మడి తీసుకుని దోస, బెండ వేసుకుంది. నీళ్లు తోడే చిన్న కిరసనాయిలు ఇంజన్ ఒక్కటే ఆమె ఆస్తి. దాన్ని రిక్షాలో వేసుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"మావయ్యా, దీనికేటయిందో సూడు. పొద్దున్నించీ బుస్సుమంటంది గానీ నీరు తోడనేదు."

"నూనె ఎప్పుడు మార్సినావే?"

"నా తలకే నూనె నేదు, దీనికేటి ఎడతాను?" అని నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. "పాదులు పిందె మీదున్నాయి మావయ్యా. మూడ్రోజులు నీరందకపోతే ఇంకేటీ మిగల్దు."

"మూడ్రోజులెందుకే? రేపొచ్చి తీసుకెల్లు."

ఆ మాట నేనే అన్నాను. ఎవరూ అనిపించలేదు.

ఇంజన్ తల, అంటే పైన బిగించే మూత, విప్పి చూస్తే గాస్కెట్ చిరగలేదు. ఒక పక్క మసి చార ఉంది, అంతే. రంగు చూశాను, రాగి. ఇంకేం, కుంపటి రాజేశాను. ఎర్రబడేలోపే కాగితం కాలిన వాసన వచ్చింది. పైనున్న రాగి పొర అప్పడంలా ముడుచుకుంది. పట్టకారుతో ఎత్తితే లోపలిదంతా బూడిదై రాలింది.

నాన్న కాలంలో ఆ రాగి పొరల మధ్య ఆస్‌బెస్టాస్ అనే రాతినార ఉండేది. దాన్ని నిప్పు ఏమీ చేయలేదు. అది ఊపిరితిత్తులను తినేస్తుందని తరవాత మానేశారు. మానడం న్యాయమే, నాన్న దగ్గి దగ్గి పోయాక దాని సంగతంతా నేనే కూర్చుని చదివాను. ఇప్పటివాటిలో కాలిపోయే నార పెడతారనీ చదివాను. తెలిసి కూడా చేతులు నాన్న చేసిందే చేశాయి. అంచును మేకుతో గీకి చూస్తే చాలు, తెలిసిపోయేది. గీకలేదు.

మర్నాడు ఆవిడ వచ్చింది. చెప్పాను.

"కాల్సడమే కదా నీ పని?"

"ఇది కాల్సకూడదే."

"పోన్లే మావయ్యా. కాల్సినోడివి నువ్వే, కొత్తది తెచ్చీవోడివీ నువ్వే."

వ్యాపార్ విహార్ బజారులో దుకాణం దుకాణం తిరిగాను. చివరి దుకాణంలో కుర్రాడు ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు. "అంకుల్, యే మోడల్ బంద్ హో గయా. నయా ఇంజన్ లే లో." ఆ రకం ఆగిపోయిందట, కొత్త ఇంజన్ కొనుక్కోవాలట! నాకు ఒళ్లు మండింది. చొక్కాకి బొత్తాం ఊడితే చొక్కా పారేస్తావా అని హిందీలోనే అడిగాను. "అచ్ఛా అంకుల్, బటన్ భీ నహీఁ హై," అన్నాడు. బొత్తాలు కూడా లేవట! దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఇంజన్ చేసినవాడికి దాని గాస్కెట్ చేయడం ఒక లెక్కా? చేయడు. చేస్తే పాత ఇంజన్ బతుకుతుంది కదా.

వేడినీళ్ల గొట్టాల అతుకులకు వేసే షీటు దొరికితే అదే తెచ్చాను. ఇంజన్ ముఖానికి నల్లనూనె పూసి, పెళ్లికార్డు అట్ట అద్ది, అచ్చు తీశాను. షీటును ఆ అచ్చు ప్రకారం కత్తిరించి, బోల్టు కన్నాలు గుండ్రటి సుత్తితో తట్టి తీశాను. ఆవిడ పక్కనే కూర్చుని షీటు కదలకుండా పట్టుకుంది.

మూడో రోజు పొద్దున్న మడిలో తాడు లాగితే ఇంజన్ అందుకుంది. కాలవలోకి నీళ్లు దూకాయి. ఆవిడ పార అందుకుని గట్టు తెగ్గొడుతూ, "పాదికి నీరెక్కతంది మావయ్యా!" అని అరిచింది. నాలుగు సాళ్లు తడిశాయి. అయిదో సాలులో ఉండగా తల దగ్గర ఈల మొదలైంది. చూస్తూండగానే షీటు ఒక పక్క ఊడి పొగ చిమ్మింది. వేడినీళ్లకు ఆగింది, నిప్పుకు ఆగలేదు. మిగిలిన ముక్కతో మళ్లీ కోశాను. అది రెండు సాళ్లు కూడా నడవలేదు.

తరవాత ఆవిడ బిందెలతో మోసింది. ఎండకు బిందెలేం సరిపోతాయి! వారం తిరిగేసరికి దోసపాదులు తాళ్లలా పడి ఉన్నాయి.

"తిట్టవే," అన్నాను, గట్టు మీద నిలబడి.

"తిడితే పాదు లెగుస్తదేటి మావయ్యా?"

ఇంజన్ పాత ఇనుము వాడికి ఇచ్చేసింది. మడి వేరేవాళ్లు తీసుకున్నారు. ఇప్పుడామె సీపత్ కరెంటు కేంద్రంలో ఎవరో కాంట్రాక్టరు కింద బస్తాలు మోస్తోంది. పొద్దున్నే మా గుమ్మం ముందునుంచే వెళుతుంది. "డ్యూటీకి ఎల్తన్నాను మావయ్యా," అంటుంది. నేను తల ఊపుతాను.

ఇప్పటికీ ఎవరో ఒకరు చిన్న ఇంజన్ తెస్తూనే ఉంటారు. ముందు గాస్కెట్ అంచు మేకుతో గీకి చూస్తాను. లోపల ఏముందో తెలుస్తుంది. అలాంటిది ఇంకొకటి ఎక్కడ దొరుకుతుందో తెలియదు. తల మళ్లీ బిగించి, నావల్ల కాదు, తీసుకుపొమ్మంటాను.