స్కాగ్వే రేవులో ముసలాయన

ఎనభైల మధ్యలో అలాస్కా చూడటానికి వెళ్లినప్పుడు మా ఓడ స్కాగ్వేలో ఒక పూట ఆగింది. నిటారు కొండల మధ్యకు సముద్రం సన్నగా చొచ్చుకొచ్చిన చోట ఉంది ఆ చిన్న ఊరు. మా ఆయన ఫోటోలు తీస్తూ ముందుకు వెళ్లిపోయారు. నేనూ, నాలుగేళ్ల మా పాపా చెక్క రేవు మీద నడుస్తున్నాం.

ఉన్ని టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన మా వెనకే వస్తున్నాడు. మేం ఆగితే తనూ ఆగుతున్నాడు. ఆ రోజుల్లో మేముండే అమెరికాలో పాల డబ్బాల మీద తప్పిపోయిన పిల్లల ఫోటోలు వేసేవారు. రోజూ పొద్దున పాపకు పాలు పోస్తూ ఆ ముఖాలు చూసేదాన్ని. పాపను తొందరపెడుతూ నడక వేగం పెంచాను.

రేవు చివర పాప నీళ్లలో ఈదుతున్న సీల్‌ని చూడాలని ముందుకు వంగింది. నేను తిరిగి చూసేసరికి ముసలాయన చెయ్యి పాప కోటును వెనకనుంచి గట్టిగా పట్టుకుని ఉంది.

“చెయ్యి తియ్యండి!” అని ఇంగ్లిష్‌లో అరిచాను.

అతను వెంటనే తీసేశాడు. కోపం తెచ్చుకోలేదు.

“అయితే మీరు పట్టుకోండమ్మా, గట్టిగా. ఇక్కడ గాలి చెప్పి రాదు.”

పాపను దగ్గరికి లాక్కున్నాను. ఇంతలోనే కొండల్లోంచి విసురుగా గాలి వచ్చి నన్నే పక్కకు తోసింది. పాప కాళ్లు జారాయి. నా పట్టు మాత్రం జారలేదు.

మా ఆయన పరుగెత్తుకొచ్చేసరికి ముసలాయన ఊరివైపు వెళ్లిపోతున్నాడు.

“ఎవరా మనిషి? ఏం ట్రబుల్ ఇవ్వలేదు కదా?”

“లేదండీ. మంచివాడే అనుకుంటా” అన్నాను.

ఓడ ఎక్కేదాకా ఆ ఉన్ని టోపీ మళ్లీ కనబడుతుందేమోనని వెనక్కి చూస్తూనే ఉన్నాను.