గోదారి వైపు వేసిన మూడు బోర్లు

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు సికింద్రాబాదులో కాగజ్‌నగర్ వైపు వెళ్లే రైలెక్కాను. నీటి పరీక్షల ల్యాబులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నా గోదావరిఖని వెళ్లడం నాకదే మొదటిసారి. మామూలుగా వేరేవాళ్లు వెళ్లి నమూనాలు తెస్తారు, నేను ఫ్యాను కింద కూర్చుని సంతకాలు పెడతాను. ఈసారి వెళ్లాల్సిన మనిషికి జ్వరం వచ్చింది. "మీరే వెళ్లి రండి, ఎలాగూ ఇదే ఆఖరి విడత" అన్నాడు మా మేనేజరు.

సంగతేమిటంటే, అక్కడ బొగ్గు టిప్పర్లు నడిపే ఒక కాంట్రాక్టరు యార్డులో రెండేళ్ల కిందట భూమిలో పాతిన డీజిల్ ట్యాంకు కారింది. పక్క బస్తీ బోర్లలో వాసన మొదలైంది. నీళ్లు బాగుపడ్డాయని మేం రాసిచ్చేదాకా ఆ ఇళ్లకు కాంట్రాక్టరే ట్యాంకరుతో నీళ్లు పొయ్యాలి. భూమిలో నీళ్లు నదికే కదా పోతాయి, అందుకని యార్డుకూ గోదావరికీ మధ్య మూడు మానిటరింగ్ బోర్లు వేశారు. మూడు నెలలకోసారి వాటి నీళ్లు పరీక్షిస్తాం. ఎక్కడ వెయ్యాలో మ్యాపు మీద చుక్కలు పెట్టింది నేనే, హైదరాబాదులో కూర్చుని, ఆ నేల మొహం కూడా చూడకుండా. ఇప్పటిదాకా ఒక్కదాంట్లోనూ చమురు కనబడలేదు. ఈసారీ కనబడకపోతే ఫైలు మూస్తారు, ట్యాంకరు ఆగుతుంది.

జమ్మికుంట దాటాక ఎదుటి సీట్లోని పెద్దాయన నమూనా సీసాల కోసం తెచ్చిన నా ఐసు పెట్టె వంక చూసి "చేపలా సారూ?" అన్నాడు. గనిలో పనిచేసి రిటైరైన మనిషట. నా పని చెప్పాను.

"భూమిల నీళ్లా! పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గని వచ్చినంక మా తాన బాయిలన్ని ఎండిపాయె. రాత్రనక పగలనక మోటార్లు పెట్టి తోడుతరు గద. సుట్టుపక్కల నీళ్లన్ని గా గుంతలకే గుంజుకపోతయి" అన్నాడు.

నేను తలూపి పేపరు తీసుకున్నాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

పన్నెండున్నరకు రామగుండంలో దిగి షేర్ ఆటోలో గోదావరిఖని చౌరస్తాకు చేరాను. అక్కడి మెస్సుల్లో భోజనం బాగుంటుంది. వెళ్లేవాళ్లెవరైనా గనుల్లో షిఫ్టు దిగకముందే తినెయ్యండి, తర్వాత కుర్చీ దొరకదు. పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసుతో తృప్తిగా తిని రెండింటికి యార్డుకు వెళ్లాను.

మానిటరింగ్ బోరంటే నేలలోంచి మోకాలెత్తు లేచిన పైపు. దానికో మూత, తాళం. టేపు దింపి నీళ్లెంత లోతున ఉన్నాయో ముందు చూడాలి. తర్వాత పైపులో నిలవున్న నీళ్లు తోడి పారబోసి, కొత్తగా ఊరినవి సీసాల్లో పట్టాలి. మూడింట్లోనూ నీళ్లు తేటగా ఉన్నాయి. సంబరంగానే మట్టాలు రాసుకుంటున్నవాణ్ణి ఒక్కసారి ఆగిపోయాను. నేల ఎత్తుపల్లాలు లెక్కగట్టి చూసినా, నది దగ్గరి బోరులోనే నీళ్లు ఎత్తుగా ఉన్నాయి. యార్డు దగ్గరికి వచ్చేకొద్దీ దిగిపోతున్నాయి. అంటే నీళ్లు నదికి పోవడం లేదు. నది వైపు నుంచే వెనక్కి, యార్డు కిందుగా, ఓపెన్‌కాస్టు గుంతకేసి పోతున్నాయి. వాటితో పాటే డీజిలూ. నేను బోర్లు వేయించింది సరిగ్గా దానికి ఎదురు దిక్కున! ఈ మట్టాలు ప్రతి రిపోర్టులోనూ ఉన్నాయి. నా మొహం మండ, చివరి గడిలో చమురు లేదన్న ముక్క తప్ప నేనింకేదీ చదవలేదు.

బస్తీ యార్డుకు అవతల, గుంత వైపు ఉంది. మొదటి ఇల్లు రాజవ్వ అనే ఆమెది. వాకిట్లో ట్యాంకరు నీళ్లు పోసే నీలం డ్రమ్ములు వరసగా ఉన్నాయి. అడగ్గానే ఆమె బోరు మోటారు వేసి బకెట్టు నింపింది. నీళ్ల మీద రంగురంగుల తెట్టు, ముక్కు పగిలే వాసన.

"సూడు సారూ, బర్రె సుత మూతి పెడ్తలేదు. మూణ్నెల్లకోపారి వస్తరు, గా గొట్టాలల్ల తోడుకొని పోతరు. మా బోరు దిక్కు ఒక్కలన్న సూడరైతిరి. గక్కడ ఎయ్యమని ఎవలు చెప్పిండ్లు?"

చుట్టూ ఇంకో పదిమంది చేరారు. "మా ఆఫీసు వాళ్లవ్వా" అన్నాను. ఆమె బోరు నీళ్లు కూడా ఒక సీసాలో పట్టి, నా ఫోన్ నంబరిచ్చి, మెల్లగా జారుకున్నాను.

సాయంత్రం రైలు నలభై నిమిషాలు లేటు. స్టేషను నుంచి మేనేజరుకు ఫోన్ చేశాను.

"మూడూ శుభ్రమేనా?" అన్నాడు.

"చూపుకు శుభ్రమే సార్. కానీ బోర్లే తప్పు చోట ఉన్నాయి..."

"మనల్ని అడిగింది ఆ మూడింటి గురించే. అంతవరకు రాయండి" అని పెట్టేశాడు. ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలిసి ఇంకా మండింది.

పెద్దపల్లి దాటాక ఫోన్ మోగింది.

"సారూ, నేను రాజవ్వను. ట్యాంకరోళ్లు వచ్చి డ్రమ్ములు ఎత్తుకపోయిండ్లు. నీళ్లు మంచిగైనయని పట్నం సారు చెప్పిండంట?"

మేనేజరు అప్పుడే కాంట్రాక్టరుకు చెప్పేసినట్టున్నాడు. సీసాలు నా కాళ్ల దగ్గర ఐసులోనే ఉన్నాయి. ఒక్కదాని మూతా ఇంకా ఎవరూ తియ్యలేదు.

"నేను చెప్పలేదవ్వా. ఆ బోర్లు తప్పు దిక్కున ఉన్నాయి. అక్కడ వెయ్యమన్నది నేనే. అదే రాసిస్తాను."

"గా ముచ్చట నా వాకిట్ల ఉన్నప్పుడే చెప్పకపోతివి సారూ! గంతమందిమి ఉంటిమి. డ్రమ్ముల మీద కూసుందుము గని, ఎత్తుకపోనిద్దుమా?"

ఫోన్ పెట్టేసింది. కాజీపేట వచ్చేదాకా ఒళ్లో కాగితాలు పెట్టుకుని రాశాను. బోర్లు తప్పు చోట ఉన్నాయని, ఆ తప్పు నాదని, బస్తీ బోరు నీళ్లలో డీజిల్ కంటికే కనబడుతోందని రాసి సంతకం పెట్టాను. ఇన్నేళ్లలో నేను ఊరు చూసి రాసిన రిపోర్టు ఇదొక్కటే. దీన్ని సోమవారం ఆఫీసులో ఇస్తాను. రేపు పొద్దున రాజవ్వ ఆ బోరు నీళ్లతోనే బియ్యం కడగాలి.