నోటిమాట చెల్లదు

ఒక ఆఫీసులో పనిచేసే వాళ్ళందరినీ, ఎవరి కుర్చీల్లో వాళ్ళు కూర్చుని ఉండగానే, ఒక్క దెబ్బకు బయటికి నెట్టిన మొనగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు చూడండి. ఆ ఘనకార్యం నాదే. అదీ మా మొట్టమొదటి కస్టమర్ గుమ్మంలో చెప్పులు విడుస్తున్న సమయానికి!

కాకినాడలో ఒక టిఫిన్ హోటల్ పై అంతస్తులో మా కంపెనీ. ఆఫీసుల్లో వాళ్ళు మాట్లాడుకోవడానికి, పనులు పంచుకోవడానికి ‘కలివిడి’ అనే యాప్ తయారుచేస్తున్నాం. అందులోకి ఏ మార్పు ఎప్పుడు, ఎవరి అనుమతితో వెళ్ళాలో చూడటం నా ఉద్యోగం. ఇంజనీరింగ్ పట్టాకు ఇంకా ఫ్రేమైనా కట్టించని వయసు. కాఫీ తాగడానికి కూడా ‘ముందు, తర్వాత, ఒకవేళ’ అని రాసుకునే మనిషిని. అలాంటివాడికి అధికారమిస్తే ఏమవుతుంది? నిబంధనలు పుడతాయి.

మొదటిది: నోటిమాట చెల్లదు. ఏ మార్పుకైనా మా మేనేజర్ లలిత గారు, సీనియర్ ప్రోగ్రామర్ సత్తిబాబు గారు ఇద్దరూ కలివిడిలోనే ‘సరే’ అనే మీట నొక్కాలి.

“ఏరా శ్రీనూ, నీ మోచెయ్యి నా టీ గ్లాసుకి తగులుతోంది. ఇంత దగ్గర కూర్చుని నోటితో అడిగితే ఏం పోయిందిరా?” అన్నారు సత్తిబాబు గారు.

“రికార్డు ఉండదండి.”

“నొక్కి చచ్చాను. ఇప్పుడు గ్లాసు జరుపుకోవచ్చా, దానికీ నొక్కాలా?”

రెండోది: వాళ్ళిద్దరూ నొక్కకుండా అడ్డదారిన మార్పు చేసే అధికారం ఎవరికీ ఉండకూడదు. నాకున్నదాన్ని కూడా నేనే తీసేయించాను. ఆ రోజు అద్దంలో నన్ను చూసి నాకే దణ్ణం పెట్టాలనిపించింది.

ఇంతలో రావులపాలెంలో అరటి వ్యాపారం చేసే వీర్రాజు గారు మా యాప్ మీద మనసుపడ్డారు. గెలలు దించేవాళ్ళు, తూకం వేసేవాళ్ళు, లారీ డ్రైవర్లు అంతా అందులో ఉండాలట. ఆయన కొంటే మాకు బోణీ. కొనకపోతే కంపెనీకి తాళం వేసుకోవడమేనని లలిత గారు ముందే చెప్పేశారు.

యాప్ చూడటానికి వచ్చే ముందు రోజు ఆయన ఫోన్ చేశారు. “చూడండి బాబూ, పని మానేసి పోయినోళ్ళు ఇంకా మా కబుర్లు చదువుతా కూచుంటే కుదరదండి. అలాంటోళ్ళని అదే బయటికి తోసెయ్యాలి.”

“అదెంత పనండీ!” అన్నాను. వారం రోజులుగా కలివిడిలో ఒక్క ముక్కైనా రాయనివాళ్ళ ఖాతా దానంతటదే మూసుకుపోయేలా చేయించాను. కస్టమర్‌కు చూపించాలంటే ముందు మా ఆఫీసులోనే నడవాలి కదా? ఇద్దరూ ‘సరే’ నొక్కారు. మర్నాడు పొద్దున్నే మార్పు అమల్లోకి వచ్చింది.

మీలో కొందరు ఇప్పటికే మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంటారు. పెట్టుకోండి. మా ఆఫీసులో కలివిడిలో రాసేవాళ్ళెవరూ లేరు! పక్క బల్లవారికి టైపు చేసి చెప్పడమంటే, పెళ్ళికి పిలవడానికెళ్ళి గుమ్మంలో కార్డు పడేసి వచ్చేసినంత మర్యాద తక్కువ పని మా వైపు. అందరూ నోటితోనే మాట్లాడుకుని, నా పోరు పడలేక మీట నొక్కుతారు. మీట నొక్కడం రాయడం కింద లెక్కకు రాదని నాకు తట్టలేదు. రోజూ శ్రద్ధగా, ఎవరికీ అక్కర్లేని సూచనలు రాసేవాణ్ణి నేనొక్కణ్ణే.

వీర్రాజు గారు వచ్చి, చక్కెరకేళీ అరటిపళ్ళ అత్తం బల్లమీద పెట్టి కూర్చున్నారు. గోడమీది తెరపై మా ఆఫీసు సభ్యుల పట్టిక తెరిచాను. ‘శ్రీను’. అంతే. కోత అయిపోయిన చేలో దిష్టిబొమ్మలా ఒక్కణ్ణే నిలబడి ఉన్నాను.

“మిగతావాళ్ళేరండీ?”

“ఇక్కడే ఉన్నారండి.”

“ఇక్కడున్నారు, సరేనండి. అందులో?”

సత్తిబాబు గారు ఫోన్ చూసుకుని, “ఒరేయ్, ఇది నన్ను పని మానేసినోడినంటోందిరా!” అన్నారు.

“నన్నూ అంతే,” అన్నారు లలిత గారు, చాలా మెల్లగా. ఆవిడ మెల్లగా మాట్లాడితేనే మాకు భయం. “ఆ మార్పు తీసెయ్ శ్రీనూ.”

“తియ్యాలంటే మీరిద్దరూ నొక్కాలండి.”

“మేం బయట ఉన్నాం కదయ్యా!”

“మిమ్మల్ని లోపలికి తీసుకోవడం కూడా మార్పేనండి. దానికీ మీరిద్దరే నొక్కాలి.”

వీర్రాజు గారు ఒక పండు ఒలుచుకున్నారు. “ఉండండి, నేను సర్దుతాను. మేడమ్ గారూ, తీసెయ్యడం తమకిష్టమేనా?”

“ఇష్టమేనండి.”

“సత్తిబాబు గారూ, తమకో?”

“ఆయ్, మహా ఇష్టమండి.”

“ఇంకేం బాబూ, ఇద్దరూ ఒప్పేసుకున్నారు. తీసెయ్యండి.”

నా గొంతులోంచి తడిసిన పిల్లికూన అరిచినట్టు ఒక స్వరం బయటికొచ్చింది. “నోటిమాట చెల్లదండి.”

కింద హోటల్లో పెసరట్టు తిరగేసిన చప్పుడు పైకి వినపడింది. కంపెనీ తాళం, దాని పక్కన నా రాజీనామా కళ్ళకు కట్టాయి. అప్పుడు వీర్రాజు గారు నవ్వడం మొదలుపెట్టారు. కుర్చీ కిర్రుమనేదాకా నవ్వారు.

“బయటికి తోసే పని మాత్రం భేషుగ్గా చేస్తోందండి! తీసుకుంటాను. ఒకటే షరతు. నేను జన్మలో ఒక్క అక్షరం టైపు చెయ్యను, అరుస్తాను. దీన్ని ఇలాగే పెడితే వారం తిరక్కుండా నా అరటి యార్డులోంచి నన్నే తోసేస్తుంది. నోటితో చెప్పింది చెల్లేలా చెయ్యండి.”

సత్తిబాబు గారు తన కంప్యూటర్లో ఈ మార్పు లేని నిన్నటి కాపీ వెతికి, దాంతో యాప్‌ను మళ్ళీ మొదటినుంచి నిలబెట్టేసరికి సాయంత్రమైంది. అందాకా ఆయనకు టీలు మోసింది నేనే. ఇప్పుడు కలివిడిలో ఫోన్‌కు నోరు దగ్గర పెట్టి “సరేనండి” అంటే చాలు, అనుమతి ఇచ్చినట్టే. మా యాప్‌లో అందరూ మెచ్చుకునే సౌకర్యం అదే. తయారుచేయించింది నేనేనని చెప్పుకుంటూ ఉంటాను కూడా.

కనుక సత్తిబాబు గారి టీ గ్లాసు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: తాళం తీసేవాళ్ళను బయట నిలబెట్టి ఇకమీదట ఏ తలుపూ వెయ్యను. ఈ ప్రతిజ్ఞకు లలిత గారు, సత్తిబాబు గారు ఇద్దరూ అనుమతిచ్చారు.

నోటిమాటగానే.