స్టీరింగు లేని సీటు

ఆ రోజుల్లో బ్రిస్బేన్‌లో మాకు సొంత ఇల్లు లేదు, సోఫా లేదు, మంచం కూడా ఎవరో ఇల్లు మారుతూ వదిలి వెళ్ళిందే (ఎక్కడున్నా వాళ్ళు చల్లగా ఉండాలి). అమెరికా కారు మాత్రం ఒకటి ఉండేది. మా ఆయన పుట్టకముందే పుట్టిన కారు. పెళ్ళయి ఇక్కడికి వచ్చిన మొదటి రోజున ఆయన నాకు వంటిల్లు కంటే ముందు షెడ్డు చూపించారు. లోపల దుప్పటి కప్పుకుని ఏదో పెద్దది పడుకుని ఉంది. దుప్పటి లాగి, ఎలా ఉంది అన్నట్టు నా మొహంలోకి చూశారు. తెల్లగా, వెడల్పుగా, ముందు ఇనప పళ్ళతో నవ్వుతున్నట్టుగా ఉన్న ఆ ఆకారాన్ని చూసి ఏమనాలో తోచక, అలవాటు కొద్దీ రెండు చేతులూ జోడించాను. ఆయన దాన్ని మెచ్చుకోలుగా తీసుకుని పొంగిపోయారు. అప్పటినుంచీ దాని పేరు ఐరావతం.

టూవూంబా దాటాక ఒక పల్లెలో ఒక ముసలాయన కొడుకులెవరికీ అక్కర్లేదని దాన్ని అమ్మేశాట్ట. అదే మా ఆయన అదృష్టం. ఆయన వారమంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు మర్యాదగా కూర్చుని, శనివారం తెల్లారేసరికి కారు కింద దూరేవారు. పైకి కాళ్ళు మాత్రమే కనిపించేవి. కాఫీ కావాలంటే ఒక కాలు ఊపేవారు. కావలసిన సామాను అమెరికా నుంచి పోస్టులో వచ్చేది. వచ్చినరోజు ఇంట్లో పండగ, సరిపోకపోతే సంతాపం. ఒకసారి ఇడ్లీ రేకులు కనబడక వెతికితే, షెడ్డులో ఒక్కో గుంటలో ఒక్కో రకం బోల్టు, వరసగా, ఎంతో శ్రద్ధగా సర్ది ఉన్నాయి. కోపం రావాల్సిందే. కానీ నా పోపుల డబ్బా కూడా అంత శుభ్రంగా ఉండదే అని సిగ్గేసి, మాట్లాడకుండా ఆ పూట ఉప్మా చేశాను.

అసలు చిక్కు వేరే ఉంది. ఇక్కడ మన దేశంలోలాగే బండి రోడ్డుకి ఎడమవైపు పోవాలి, స్టీరింగు కుడివైపు ఉంటుంది. ఐరావతానికేమో అమెరికా పద్ధతి, స్టీరింగు ఎడమవైపు. అంటే ఊళ్ళో అందరి కార్లలో డ్రైవరు కూర్చునే చోట, మా కారులో నేను కూర్చునేదాన్ని, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగుతో. ముందున్న లారీని దాటాలంటే ఎదురుగా ఏం వస్తోందో ఆయనకు కనబడదు, నాకే కనబడాలి. "ఏమైనా వస్తోందా?" అని ఆయన అడగాలి, నేను చూసి చెప్పాలి. అది మా సంసారంలో నాకు అప్పగించిన మొదటి బాధ్యత.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి తెలుగూ, లెక్కలూ, కాస్త ఇంగ్లీషూ, బోలెడన్ని స్తోత్రాలూ నేర్పారు (ఆయన ఋణం తీర్చుకోలేను). ట్రాఫిక్ మాత్రం ఆయన చెప్పిన పాఠాల్లో లేదు. అందుచేత కారు కదలగానే కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, ఆంజనేయస్వామి స్తోత్రం అందుకునేదాన్ని. మొదలుపెట్టిన శ్లోకం మధ్యలో ఆపకూడదని మా నాన్నగారి నియమం. ఆయన "వస్తోందా?" అని అడిగితే, నేను శ్లోకం పూర్తిచేసి, కళ్ళు తెరిచి, చూసి, "ఇందాక లేదేమోనండీ, ఇప్పుడు వస్తోంది" అనేదాన్ని. అలా ఒక గడ్డి లారీ వెనకాలే ఇప్స్‌విచ్ దాకా వెళ్ళిన రోజులున్నాయి. ఆయన విసుక్కునేవారు కాదు. "పర్లేదులే, గడ్డి వాసన బావుంది" అనేవారు.

అలాంటి రోజుల్లో, సన్నీబ్యాంకు అనే పేటలో ఉండే డాక్టర్ అంకుల్ కూతురికి పెళ్ళి కుదిరింది. అంకుల్‌ది తెనాలి వైపు. మా కారుని చూసినప్పుడల్లా, ఇది కారా కళ్యాణమండపమా, లోపల భోజనాలకి ఎన్ని బంతులు వెయ్యొచ్చు అని మా ఆయనను ఏడిపించేవారు. కూతురు చిట్టి ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే. ఆ పిల్ల పట్టుబట్టింది, గుడికి వెళితే ఐరావతంలోనే వెళతానని. అంకుల్ తల పట్టుకున్నారు. మా ఆయన మాత్రం కారుకి ఆ వారమంతా అభ్యంగన స్నానాలు చేయించారు.

పెళ్ళి రోజు పొద్దున్నే చిట్టి, అంకుల్ వెనక సీట్లో కూర్చున్నారు. ఆంటీ, తక్కిన చుట్టాలు ముందే గుడికి వెళ్ళిపోయారు. డిక్కీలో ఒక ఎస్కీ, అంటే ఇక్కడివాళ్ళ ఐసుపెట్టె, దాన్నిండా ఐసు, ఐసు మీద అరిటాకుల్లో చుట్టిన పూలదండలు (వేసవి మరి, మల్లెలు వాడిపోతే ఆంటీ మమ్మల్ని గుమ్మం తొక్కనివ్వరు). గుడి ఊరికి దక్షిణంగా, సన్నటి రోడ్డు మీద చాలా దూరం. ముహూర్తానికి కావలసినంత టైముందని మా ఆయన అన్నారు. నేను పట్టుచీర సర్దుకుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను.

నాలుగో శ్లోకమో అయిదోదో, వెనక సైరన్ మోగింది. మా ఆయన కారు పక్కకి తీసి ఆపారు. ఎదురుగా వచ్చి దాటిపోయిన పోలీసు కారు వెనక్కి తిరిగి వచ్చిందిట. వాళ్ళకు కనబడింది ఏమిటంటే, ఒక పాతకాలపు పెద్ద కారు, డ్రైవరు ఉండాల్సిన చోట నగలు పెట్టుకున్న ఒక ఆడమనిషి, రెండు కళ్ళూ మూసుకుని, రెండు చేతులూ స్టీరింగు వదిలేసి జోడించి, పెదాలు కదుపుతూ దూసుకొస్తోంది. పోలీసాయన తిన్నగా నా కిటికీ దగ్గరికి వచ్చి లైసెన్సు అడిగాడు. లేదన్నాను, ఉన్నమాటే కదా. ఇదివరకు ఎప్పుడైనా ఉండేదా అన్నాడు. ఎప్పుడూ లేదన్నాను. కళ్ళెందుకు మూసుకున్నారని అడిగాడు. భయమేసి అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. కీస్ ఇమ్మని చెయ్యి చాపి, అలా చాపుతూ నా ముందు చూశాడు. అక్కడ ఏమీ లేదు. కాసేపు ఆ ఖాళీకేసే చూస్తూ ఉండిపోయాడు. అవతలి నుంచి మా ఆయన స్టీరింగు పట్టుకునే కొద్దిగా వంగి, గుడ్ మార్నింగ్ చెప్పారు.

అక్కడితో అయిపోతే బావుండేది. ఈ కార్లతో వచ్చే జబ్బు ఏమిటంటే, చూసినవాళ్ళందరికీ వాళ్ళ తాతలు గుర్తొస్తారు. పెట్రోలు బంకులోనూ అంతే, కూరగాయల కొట్టు ముందూ అంతే. నవ్వడం అయ్యాక పోలీసాయనకీ తాతగారు గుర్తొచ్చారు. ఆయనకి సరిగ్గా ఇలాంటిదే ఉండేదట, వెనక సీట్లో మనవలందరినీ పేర్చి సముద్రానికి తీసుకెళ్ళేవాడట. ఇంజను ఒక్కసారి చూడొచ్చా అని అడిగాడు. మా ఆయనను ఇంజను చూపించమనడం, భక్తుణ్ణి ప్రసాదం తింటావా అని అడగడం ఒక్కటే. బానెట్ లేచింది. ఇద్దరూ లోపలికి వంగి ఎక్కడి ముచ్చట్లో చెప్పుకుంటున్నారు. వెనక అంకుల్ వాచీ చూసుకోవడం, గొంతు సవరించుకోవడం, మళ్ళీ వాచీ చూసుకోవడం. చివరికి ఆయనే దిగి వెళ్ళి, "నాయనా, మీ తాతగారికి నా నమస్కారాలు. మా అమ్మాయి ముహూర్తం దాటిపోతోంది" అన్నారు, తెలుగులోనే. పోలీసాయనకి అర్థమైంది.

సరేనని తాళం తిప్పితే ఇంజను దగ్గింది గానీ అందుకోలేదు. ఎండలో, వేడి మీద ఆపితే పైపులో పెట్రోలు ఆవిరైపోయి, ఇంజనుకి అందదట. చల్లబడేదాకా ఆగాలట. ఎంతసేపు అని అంకుల్ అడిగితే మా ఆయన వాచీకేసీ ఇంజనుకేసీ చూశారు. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. అంతలో ఆయన డిక్కీ దగ్గరికి పరుగెత్తి, ఎస్కీలోంచి ఐసు తీసి, భుజం మీది కొత్త పట్టు కండువాలో మూటగట్టి, పెట్రోలు పంపు మీద పెట్టి, జ్వరం వచ్చిన బిడ్డ నుదుటి మీద అద్దినట్టు అద్దసాగారు. డాక్టర్ అంకుల్ చూసి చూసి, తనూ ఒక గుప్పెడు ఐసు తెచ్చి అందివ్వడం మొదలుపెట్టారు. చిట్టి మాత్రం లోపల కళ్ళు పైకెత్తి కూర్చుంది. కాటుక చెదిరిపోతుందని ఏడుపు ఆపుకుంటోందని నాకు తెలిసింది. దాని చెయ్యి పట్టుకున్నాను, ఐసు కంటే చల్లగా ఉంది.

ఎట్టకేలకు ఐరావతం ఘీంకరించింది. బయల్దేరాం. గుడి ఇంకో రెండు మలుపుల దూరం ఉందనగా, ముందు ఒక క్యారవాన్, చిన్న ఇల్లంత బండి. లోపలి ముసలి దంపతులు చెట్లూ పిట్టలూ చూసుకుంటూ, లోకంతో పని లేనట్టు పోతున్నారు. నేను యథాప్రకారం శ్లోకంలో ఉన్నాను. ఆయన అడిగారు, "వస్తోందా?" అని. ఆ గొంతులో ఏదో ఉంది. వెనకనుంచి చిట్టి నా భుజం మీద చెయ్యి వేసి, "అక్కా, ప్లీజ్. జస్ట్ లుక్" అంది.

నేను శ్లోకం సగంలో ఆపేశాను. కళ్ళు తెరిచాను. రోడ్డు తిన్నగా, ఖాళీగా, ఎంత దూరమో కనబడింది. అంత అందమైన రోడ్డు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఏమీ లేదు. పదండి" అన్నాను.

ఆయన నన్ను మారు ప్రశ్న అడగలేదు. తను చూడలేని రోడ్డు మీదికి, నా మాట మీద, అంత పెద్ద కారునీ పెళ్ళికూతుర్నీ తిప్పేశారు. గుడి ముందు ఆగేసరికి ఆంటీ గుమ్మంలోనే ఉన్నారు. చిట్టిని రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్ళారు. జీలకర్రా బెల్లం సరిగ్గా ముహూర్తానికే పడ్డాయి. ఎలా చేరామని అడిగినవాళ్ళకి మా ఆయన పెట్రోలు పంపు గురించీ, అంకుల్ పోలీసాయన గురించీ చెప్పారు. నేను మాత్రం సందు చూసుకుని పంతులుగారి దగ్గరికి వెళ్ళి, శ్లోకం మధ్యలో ఆపేశానండీ, దోషమేమిటని అడిగాను. ఆయన తాంబూలాలు సర్దుకుంటూ, "మిగతాది ఇప్పుడు పూర్తిచెయ్యి తల్లీ. స్వామి వినడానికి ఆగే ఉంటాడు" అన్నారు. ఒక స్తంభం పక్కన నిలబడి పూర్తిచేశాను. ఆ రోజు మొదటిసారి కళ్ళు మూసుకోలేదు. చిట్టి తలమీద అక్షింతలు పడుతుంటే చూస్తూ చెప్పుకున్నాను.

ఇప్పుడు నాకు లైసెన్సుంది, కళ్ళజోడుంది, వెనక్కి తీస్తుంటే అడ్డం ఏముందో కూతపెట్టి చెప్పే కారుంది. ఆంజనేయస్వామి డాష్‌బోర్డు మీద చిన్నగా కూర్చుని, పనిలేని ఆఫీసరులా నాకేసి చూస్తుంటాడు. ఆ మహానుభావుడి దయవల్ల ఎక్కడికంటే అక్కడికి ఒక్కదాన్నే వెళ్ళి వస్తున్నాను. కానీ ఆనాటి నేను, ఆ సీట్లో కళ్ళు మూసుకున్న పట్టుచీర పిల్ల, పిలిచినంత గట్టిగా స్వామిని నేనిప్పుడు పిలవడం లేదు. ఒక్కోసారి ఖాళీ రోడ్డు మీద అది గుర్తొచ్చి, నవ్వొస్తుంది, కాస్త బెంగగానూ ఉంటుంది.