అందరూ సేరినారా?

మొదట "మధ్యాహ్నమే మట్టి" అని మెసేజ్ వచ్చింది. తరువాత "బయల్దేరినాం, ఉండమని చెప్పండి" అని ఇంకొకటి. పోయింది ఎవరో చెప్పే మెసేజ్ అన్నిటికంటే ఆఖరున వచ్చింది. కాలేజీలో మాకు పారలల్ ప్రోగ్రామింగ్ చెప్పిన మేడమ్ గుండె ఆగి పోయారు. మా ఊరు మంగళవాడలో సిగ్నల్ అంతే. ఆ వరస చూస్తే మేడమ్ నవ్వేవారు. "ముందు పంపింది ముందే సేరుతాదని ఎవురు సెప్పినారు పాపా?" అని క్లాసులో ఎన్నిసార్లు వెక్కిరించారో.

ఆమె మెత్తని మనిషేమీ కాదు. పైటకొంగులో వేరుశనగ గింజలు పెట్టుకుని నములుతూనే మా ప్రోగ్రాంలో తప్పులు ఏరి, ముఖాన కొట్టినట్టు చెప్పేవారు. పాఠమైనా, భోజనమైనా "అందరూ సేరినారా?" అని అడగందే మొదలుపెట్టరు. సోలార్ పార్కు చూడ్డానికి తీసుకుపోయినప్పుడు ఒకడు ప్యానెళ్ల వెనక్కి ఒంటికి పోయాడు. వాడు వచ్చేదాకా మండుటెండలో బస్సు కదలనివ్వలేదు. "ఒగడు రాకున్నా లెక్క తప్పే" అన్నారు.

ఆమె చెప్పిన పాఠమూ అదే. పెద్ద పనిని నలుగురికి పంచి ఒకేసారి చేయించాలి. ప్రోగ్రాంలో ఆ నలుగురిని థ్రెడ్లు అంటాం. పంచడం సులువే, అందరూ ముగించి వచ్చేదాకా ఆగడమే కష్టం. ఆ ఆగే లైను పేరు జాయిన్. మేడమ్ దాన్ని "సేరేది" అనేవారు. తెలుగైనా కన్నడమైనా సరిహద్దులోని మా నోట ఆ మాట ఒకటే.

నా ఫైనలియర్ ప్రాజెక్టు సోలార్ పార్కు కరెంటు లెక్క. ప్యానెళ్ల రీడింగులను థ్రెడ్లకు పంచి మొత్తం లెక్క కట్టాలి. మా చేను ఆ ప్యానెళ్ల కిందే ఉంది, అమ్మ వాటిని కడిగే పనికి పోతుంది. "ఈసారి తప్పితే నువ్వూ అమ్మతో పోవల్సిందే" అని నాన్న తేల్చేశాడు. వేగం చూపించి మార్కులు కొట్టేయాలన్న ఆత్రంలో ఆ ఆగే లైను తీసేశాను. ఇంట్లో చిన్న ఫైలు మీద లెక్క సరిగ్గానే వచ్చింది.

వైవాలో బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ పెద్ద ఫైలు ఇచ్చాడు. ఒక మొత్తం వచ్చింది. మళ్లీ నడపమన్నాడు. ఇంకో మొత్తం వచ్చింది. "ఏనమ్మా ఇదు?" అన్నాడు కన్నడంలో, ఇదేంటమ్మా అని. కళ్ల ముందు అమ్మ చేతిలోని బ్రష్షే కనబడింది. మేడమ్ నాకు గైడు, అక్కడ నోరు విప్పకూడదు. ఆమె నావైపు చూడను కూడా చూడలేదు. లేచి తలుపు దగ్గరికి పోయి, వరండాలో తమ వంతు కోసం నిలబడ్డ వాళ్లను గట్టిగా అడిగారు.

"ఏమప్పా, అందరూ సేరినారా?"

వాళ్లు పొద్దున్నుంచీ అక్కడే ఉన్నారు. నాకు సేరేది గుర్తొచ్చింది. తీసేసిన లైను మళ్లీ రాశాను. ఎన్నిసార్లు నడిపినా మొత్తం మారలేదు.

"నాకోసమే కదా మేడమ్ అడిగింది?" అన్నాను తరువాత.

"నీకేల? పిల్లోళ్లని అడిగినా. బిరబిరా పోయి ఏం సేస్తావు పాపా, వెనకోళ్లు రాకనే?"

ఈరోజు నేను తింటున్న అన్నం ఆ ఒక్క ప్రశ్న పెట్టిందే.

ఆమె సొంతూరు కోట కొండ కింది నిడుగల్లు. నేను పోయేసరికి పాడె సిద్ధంగా ఉంది. బెంగళూరు నుంచి వస్తున్న మా బ్యాచ్ వాళ్లు ఇంకా దారిలోనే ఉన్నారు. ఫోను కలవడం లేదు. "రాహుకాలం వస్తాది, ఎత్తండప్పా" అని ఒకాయన కసురుకుంటున్నాడు. నలుగురు వంగారు. మేడమ్ వాళ్ల అన్న పాడె మీద చెయ్యి వేసి చుట్టూ చూశాడు.

"అందరూ సేరినారా?"

అది ఆ ఇంటి మాటే అని నాకు అప్పుడే తెలిసింది. పెద్దల మధ్య నోరెత్తే అలవాటు నాకు లేదు, అయినా ముందుకొచ్చాను.

"ల్యాదు పెద్దాయనా. మాతో సదివినోళ్లు ఇంకా రావల్ల. ఉండండి."

కసురుకున్నాయన నావైపు గుర్రుగా చూశాడు. మేడమ్ వాళ్ల అన్న మాత్రం ఎవరు, ఎందరని అడగలేదు. "అట్లయితే ఉందాం" అని మట్టిలోనే కూర్చున్నాడు. వంగినవాళ్లు కూడా ఒక్కొక్కరే కూర్చున్నారు. రోడ్డు మీద దుమ్ము లేస్తుందేమోనని అందరం అటే చూస్తున్నాం. కోట కొండ నీడ మెల్లగా వచ్చి పాడె దగ్గర చేరింది. ఎవరూ లేవలేదు.