నాన్నకి పోసిన ఇటలీ వైన్

నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఇటలీ వాళ్ళు కష్టపడి చేసిన వైన్‌ని మా ఉక్కు కార్మికుల పేట ఖుర్సీపార్‌లో నేనొక్కణ్ణే, ఎవరి సాయమూ లేకుండా సర్వనాశనం చేశాను. చేసి, దాన్ని మా నాన్న చేత తాగించాను.

తొంభైల్లో సంగతి. స్టీల్ ప్లాంటులో ఫిట్టర్ని. మా షాపులో మిషను బిగించడానికొచ్చిన ఇటలీ ఇంజనీరు వెళ్తూ వెళ్తూ నా చేతిలో ఎర్ర వైన్ సీసా పెట్టాడు. ఖరీదైనదేం కాదు, తమ ఊళ్ళో అందరూ భోజనంతో తాగేదే, తొందరగా తాగెయ్యమన్నాడు. వైన్ పాతబడేకొద్దీ రుచి పెరుగుతుందని నేనెక్కడో విన్నాను. తాతకి దగ్గులు నేర్పినట్టు, ఆ సంగతి అతనికే బోధించి పంపాను.

సీసాని ఇనప బీరువా మీదికెక్కించాను. మే నెలలో ఆ బీరువా మీద అప్పడాలు వేయించుకోవచ్చు.

నాన్న అదే ప్లాంటులో కొలిమి దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పసారా తప్ప వేరేది ఎరగడు. అమ్మ వండిన కోడికూరతో ఆ వైన్ ఒక్కసారి రుచి చూడాలని ఆయనకి మహా కోరిక. అడిగినప్పుడల్లా, ఇంకా ముదరాలి నాన్నా అనేవాణ్ణి.

"నేను ముదిరిపోనాను గదరా, అదింకా ముదర్లేదేటి?" అన్నాడొకసారి.

మూడు వేసవులు గడిచాయి. నాన్న ఆసుపత్రిలో పదిరోజులుండి, చిక్కి సగమై ఇంటికొచ్చాడు. ఆ సాయంత్రం నాకు జ్ఞానోదయమైంది. అమ్మ కోడికూర వండింది. బిరడా తీయడం తెలీక గరిటె కాడతో లోపలికి పొడిచి, స్టీలు గ్లాసు నిండా పోశాను. నేను మాత్రం ముట్టలేదు. తండ్రి ముందు కొడుకు తాగడం మా ఇంటా వంటా లేదు.

నాన్న ఒక గుక్క తాగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆనందబాష్పాలనుకున్నాను.

"ఎలాగుంది నాన్నా?"

"బాగుందిరా," అని గ్లాసు ఖాళీ చేశాడు. ఇంకో గ్లాసు పోశాను. అదీ తాగాడు. మిగిలింది ఒలికిపోయిందని మర్నాడు అమ్మ చెప్పింది.

రెండు నెలలకి నాన్న పోయాడు. దినం భోజనాల దగ్గర, మా నాన్నకి ఇటలీ వైన్ తాగించి పంపానని చుట్టాలకి గొప్పగా చెప్పుకున్నాను. అందరూ వెళ్ళాక అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇంకెవలికీ సెప్పకురా. అది పులిసిపోనాది. నేనే పారబోసినాను. మీ నాన్న తెల్లార్లూ గుండెల్లో మంటని కూకున్నాడు."

"మరి బాగుందన్నాడు కదమ్మా?"

"మూడేళ్ళు దాసి పోసినావు. బాలేదని ఎలాగంటాడ్రా?"

ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. ఆ విషాన్ని బాగుందని తాగే తండ్రి ఉంటాడని మాత్రం చెప్పలేదు. చాలా ఏడ్చాను.

అందుచేత ఇకమీదట ఇంటికొచ్చిన ఏ సీసా అయినా ఆ పూటే తెరుస్తాను. పెద్దల ముందు తప్పయినా సరే, ముందు నేనే తాగి చూస్తాను. ఇలాంటి ఒట్టు నాన్న తల మీద చెయ్యి వేసి పెట్టుకోవాలి. ఆ తల లేదు కాబట్టి, నా నెత్తి మీద నేనే చెయ్యి పెట్టుకుని చెబుతున్నాను.