గ్రహణం తప్పు కాదని తేలిన రోజు

ఎనభైల చివర్లో నరసరావుపేటలో ఒక నర్సింగ్ హోమ్‌కు కొత్తగా స్కానింగ్ మిషన్ వచ్చింది. అంతకుముందు కడుపులో బిడ్డ సంగతి చేత్తో తడిమి చెప్పేవారు. డాక్టరమ్మ నాకు పరిచయం కనుక మా పక్కింటివాళ్లు తమ అమ్మాయిని తీసుకువెళుతూ నన్నూ రమ్మన్నారు.

తల్లి లేని ఆ అమ్మాయిని అమ్మమ్మే పెంచి, తన కొడుక్కే చేసుకుంది. భర్త సొంత మేనమామ. తొలికాన్పులో బిడ్డ పుర్రె లేకుండా పుట్టి పోయింది. గ్రహణం రోజు కత్తిపీట ముట్టిందని అమ్మమ్మ ఆ పచ్చి బాలింతను చీపురు తిరగేసి బాదింది. మామ ఆపలేదు. ఈసారి గ్రహణం నాడు గదిలో పెట్టి బయట గొళ్లెం వేసింది.

ఐదో నెల నడుస్తోంది. డాక్టరమ్మ తెర మీద చాలాసేపు చూసింది.

“మళ్లీ పుర్రె కట్టలేదమ్మా. పుట్టినా బతకదు.”

“గొళ్లెం వేశాను గదా! కిటికీకి గోనె కూడా కట్టాను గదా!” అంది అమ్మమ్మ.

“గ్రహణం వల్ల కాదు పెద్దమ్మా. మేనరికం వల్ల కావచ్చు, పైగా ఇది రెండోసారి. ఈ మిషన్ ఆకారమే చూపిస్తుంది, కారణం చెప్పదు. మళ్లీ కడుపు వస్తే ముందే హైదరాబాదు వెళ్లండి. తల్లి రక్తం, ఉమ్మనీరు పరీక్ష చేస్తారు. ఉమ్మనీరు తీసే సూది ఎక్కడ దించాలో ఇలాంటి స్కానే చూపిస్తుంది.”

“మా రక్తంలో ఏందే లోపం?” అంటూ మామ లేచాడు.

మా వైపు గొడవంటే రెండు పక్షాలుండాలి. లోపం మీదంటే మీదని అత్తిల్లూ పుట్టిల్లూ తలలు పగలగొట్టుకునేవి. ఇక్కడ రెండూ ఒకే ఇల్లు. తిట్టడానికి ఎదుటివాడు లేక అతను ఇనుప స్టూలెత్తి తెర మీద విసిరాడు. గాజు పగిలి డాక్టరమ్మ నుదురు చీలింది. అడ్డం వెళ్లిన నన్ను గోడకేసి కొడితే ముందు పన్ను ఊడింది.

అమ్మమ్మ మనవరాలి జుట్టు పట్టి బల్ల మీంచి లాగింది. “లేవే, మంత్రసాని చూసుకుంటది!”

ఆ పిల్ల ముసలామె మణికట్టు కరిచి, రక్తం చిమ్మేదాకా వదల్లేదు.

“గ్రహణం కాదంట గదా! మరి నన్నెందుకు కొట్టావే? డాక్టరమ్మా, తీసెయ్యండి.”

“నా మాట లేకుండా ఎట్టా తీస్తదో చూస్తా!” మామ మళ్లీ స్టూలెత్తాడు.

“ఆమె మేజరు. ఆమె ఒప్పుకుంటే చాలు,” అంది డాక్టరమ్మ నుదుటికి దూది అదుముకుంటూ.

“కొట్టు మామా, పొట్ట మీదనే కొట్టు. ఎటూ బతకదంట గదా,” అని ఆ పిల్ల అతని ఎదురుగా నిలబడింది.

అతను ఒక్క క్షణం ఆగాడు. ఆ సందులో నేనూ కాంపౌండరూ వెనకనుంచి పడ్డాం. తువాలుతో చేతులు కట్టి, పోలీసులు వచ్చేదాకా వీపు మీద మోకాళ్లు దించి కూర్చున్నాం. బూతులు తిడుతూనే ఉన్నాడు. ఆ పిల్ల నర్సు భుజం పట్టుకుని మమ్మల్ని దాటి వార్డులోకి వెళ్లింది.

మర్నాటికి పని పూర్తయింది. పంపించే రోజు నర్సు “ఎవరింటికమ్మా?” అని అడిగితే ఆమె నావైపు తిరిగింది.

“బాబాయ్, పిన్ని రానిస్తదా?”

మా గోడ అవతలే అమ్మమ్మా మామా ఉండే ఇల్లని తెలిసీ అడిగింది. తీసుకువెళ్లాను.